లైంగిక నేరస్థుడు మారాడో లేదో ఎవరు కొలుస్తున్నారు?

పదహారేళ్ళలోపు అమ్మాయి మీద అత్యాచారం చేసినవాడికి 2018 సవరణ తర్వాత కనీస శిక్ష 20 ఏళ్ళు. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 65వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. పెద్ద వయసు స్త్రీ విషయంలో కనీసం పదేళ్ళు. బతికినంతకాలం జైల్లో ఉంచే వీలుంది, పన్నెండేళ్ళలోపు పిల్లల విషయంలో ఉరి వేసే వీలు కూడా ఉంది గానీ, అవి పై హద్దులు. 2019లో పాతికేళ్ళ వయసులో నేరం చేసి ఇరవై ఏళ్ళ శిక్ష పడినవాడు 2040 దగ్గర్లో బయటికి వస్తాడు. అప్పటికి అతనికి నలభై అయిదో నలభై ఆరో ఉంటాయి. పదేళ్ళ శిక్ష పడినవాడు ఇంకా ముందే వస్తాడు. ఇద్దరికీ ఒంట్లో సత్తువ ఉంటుంది, ఊళ్ళో ఇల్లు ఉంటుంది, పక్కింట్లో అప్పటికి వేరే పిల్లలు ఆడుకుంటూ ఉంటారు.

ఉరి తీయాలన్న మాట, మనిషన్నాక మారతాడన్న మాట, రెండూ నేరం జరిగిన వారంలోనే గట్టిగా వినిపిస్తాయి. ఆ మనిషి తిరిగొచ్చే నాటికి టీవీ చర్చలూ ఉండవు, ర్యాలీలూ ఉండవు. శిక్ష గడువు పూర్తయింది కాబట్టి గేటు తీస్తారు, అంతే. అతను లోపల ఉన్న ఇన్నేళ్ళలో అతనిలో ఏం మారిందో చెప్పే కాగితం ఒక్కటీ అతని వెంట రాదు.

రాయలసీమకు జైలు నుంచి తిరిగొచ్చే మనిషి కొత్తేం కాదు. ఫ్యాక్షన్ హత్యల్లో యావజ్జీవం పడి, పద్నాలుగేళ్ళకో పదహారేళ్ళకో రెమిషన్ (శిక్ష తగ్గింపు) మీద వచ్చి మళ్ళీ సేద్యంలో పడినవాళ్ళు కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో చాలా ఊళ్ళలో ఉన్నారు. ఊరు వాళ్ళను ఒప్పుకుంది. కొన్నిచోట్ల దండలు వేసి మరీ పిలుచుకొచ్చింది. ఫ్యాక్షన్ హత్య వెనుక ఒక కక్ష ఉంటుంది, ఒక వర్గం ఉంటుంది, చేయించిన నాయకుడు ఉంటాడు. వర్గాల మధ్య రాజీ కుదిరాక, లేదా ఆ నాయకుడే పోయాక, హత్య చేసినవాడికి మళ్ళీ కొడవలి పట్టే పని పడదు. నేరానికి దారి తీసిన పరిస్థితి ఊళ్ళోనే ఉంది, ఊళ్ళోనే సద్దుమణిగింది.

మన జైళ్ళు ఖైదీని అంచనా వేసే పద్ధతి కూడా ఇలాంటి మనిషినే దృష్టిలో పెట్టుకుని తయారైనట్టు ఉంటుంది. పని సరిగా చేశాడా, బ్యారక్‌లో గొడవ పడ్డాడా, పెరోల్ మీద వెళ్ళి చెప్పిన రోజుకు తిరిగొచ్చాడా. ఇవి బాగుంటే సత్ప్రవర్తన కింద రెమిషన్ రోజులు జమ అవుతాయి. అనంతపురం పక్కన రెడ్డిపల్లిలో 1960లలో మొదలైన ఓపెన్ ఎయిర్ జైలు ఈ ఆలోచనకు మంచి ఉదాహరణ. ఎత్తైన గోడలు లేవు, పొలం పని ఉంది. వేరుశనగ వేయడం తెలిసిన ఖైదీకి అక్కడ మనిషిలా బతికే వీలు దొరుకుతుంది. కడపలో ఖైదీలు నడిపే పెట్రోల్ బంకుకు జనం మామూలుగా వెళ్ళి బండిలో పెట్రోల్ పోయించుకుంటారు. ఎవరికీ భయం ఉండదు, ఉండాల్సిన పనీ లేదు.

లైంగిక నేరం దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క చెల్లదు. చిన్నపిల్లల మీద కన్నేసే మనిషి కడప సెంట్రల్ జైల్లో ఇరవై ఏళ్ళు ఒక్క మచ్చ లేకుండా గడపగలడు. ఎందుకంటే అక్కడ పిల్లలే లేరు. తాగితే ఒళ్ళు తెలియనివాడు కూడా మందు దొరకని చోట బుద్ధిమంతుడే. జైలు రికార్డులో రాసే సత్ప్రవర్తన అతని క్రమశిక్షణకు సాక్ష్యం. బయట అతను ప్రమాదమా కాదా అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పదు.

అసలు లైంగిక నేరస్థుడు అన్న ఒక్క పేరు కింద ఎంతమంది రకరకాల మనుషులు ఉన్నారో చూస్తే, మారతాడా మారడా అన్న ప్రశ్నే కాస్త తలకిందులుగా కనిపిస్తుంది. ముక్కూమొహం తెలియని స్త్రీని వెంటాడి పట్టుకునేవాడు ఒక రకం. ఏళ్ళ తరబడి సొంత కూతురినో, అన్న కూతురినో నోరెత్తనివ్వకుండా పాడుచేసేవాడు ఇంకో రకం. పిల్లల మీద తప్ప పెద్దవాళ్ళ మీద కోరిక కలగనివాడు వేరు. గుంపులో చేరి, మందు మత్తులో, పక్కవాడు చేశాడు కదా అని తానూ చేసినవాడు వేరు. పదిహేడేళ్ళ అమ్మాయితో ఇంట్లోంచి వెళ్ళిపోయి, అమ్మాయి తండ్రి కేసు పెడితే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద రిమాండ్‌కు వెళ్ళిన పందొమ్మిదేళ్ళ కుర్రాడు కూడా కాగితాల మీద ఈ జాబితాలోనే ఉంటాడు. ఈ చివరి రకం తక్కువేమీ కాదు. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ కోర్టుల్లో 2016 నుంచి 2020 దాకా వచ్చిన ఏడు వేలకు పైగా పోక్సో తీర్పులను పరిశీలిస్తే దాదాపు నాలుగో వంతు ప్రేమ వ్యవహారాలేనని తేలింది. రాయలసీమలో పదిహేడేళ్ళకే పెళ్ళి చేసేయాలని తొందరపడే ఇళ్ళూ ఉన్నాయి, కులం కాని అబ్బాయితో వెళ్ళిందని స్టేషన్‌కు పరిగెత్తే ఇళ్ళూ ఉన్నాయి.

వీళ్ళందరినీ కలిపి బాగుపడతారా లేదా అని అడగడం, కర్నూలు పెద్దాసుపత్రి ఓపీలో వరసలో నిలబడినవాళ్ళందరికీ ఒకే మాత్ర పనిచేస్తుందా అని అడిగినట్టే ఉంటుంది.

లెక్కలు చెప్పేది, చెప్పనిది

ఈ విషయం మీద ఎక్కువగా పరిశోధన జరిగింది కెనడా, అమెరికా, బ్రిటన్‌లలో. కెనడాకు చెందిన కార్ల్ హాన్సన్ బృందం 2005లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసింది. విడుదలై అయిదారేళ్ళు గడిచేసరికి మళ్ళీ లైంగిక నేరంలో దొరికినవాళ్ళు సగటున 13.7 శాతం. అమెరికాలో 15 రాష్ట్రాల నుంచి 1994లో విడుదలైన 9,691 మంది మీద ప్రభుత్వమే చేసిన లెక్కలో, మూడేళ్ళలో మళ్ళీ లైంగిక నేరానికి అరెస్టయినవాళ్ళు 5.3 శాతం. ఇలాంటివాళ్ళు బయటికొస్తే మళ్ళీ చేసి తీరతారు అని నూటికి తొంభై మంది అనుకునే దానికి ఈ అంకెలు చాలా దూరంగా ఉన్నాయి.

అయితే ఈ అంకెలు పట్టుబడ్డవాళ్ళవి మాత్రమే. లైంగిక నేరాల్లో పోలీసు స్టేషన్ దాకా వచ్చేవే కొన్ని, కాబట్టి అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే అయి ఉంటుంది. మన దగ్గర ఆ తేడా ఇంకా ఎక్కువ. పల్లెల్లో పెద్దమనుషులు కూర్చుని తేల్చేసినవి, పరువు పోతుందని మింగేసినవి ఏ రికార్డులోకీ ఎక్కవు. అందుకే 13.7 శాతం చూసి ఊపిరి పీల్చుకోవడం తొందరపాటే అవుతుంది.

ఆ సగటు లోపల దాగిన తేడాలు ఇంకా ముఖ్యం. హాన్సన్, మరి ముగ్గురు కలిసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 7,700 మందిని వాళ్ళ ప్రమాద స్థాయిని బట్టి విడదీసి చూశారు. బాగా ప్రమాదకరం అనుకున్నవాళ్ళలో అయిదేళ్ళలో మళ్ళీ నేరం చేసి దొరికినవాళ్ళు 22 శాతం దాకా ఉన్నారు. అదే వర్గంలో బయట అయిదేళ్ళు ఏ నేరం లేకుండా గడిపినవాళ్ళను తీసుకుంటే, ఆ తర్వాతి కాలానికి ఆ శాతం సగం కంటే తక్కువకు పడిపోయింది. పదహారేళ్ళు శుభ్రంగా ఉన్నవాళ్ళలో ఆ తర్వాత మళ్ళీ దొరికినవాడు ఒక్కడూ లేడు. అంటే ప్రమాదం మనిషికి పుట్టుమచ్చలా అంటుకుని ఉండేది కాదు, కాలంతో పాటు తగ్గుతుంది. తగ్గిందని తెలియాలంటే మాత్రం విడుదలైన మనిషిని ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి గమనిస్తూ ఉండాలి.

కొలవడానికి పరికరాలు లేకపోలేదు. 1999 నాటి స్టాటిక్-99 అనే పది ప్రశ్నల పట్టికను చాలా దేశాలు వాడుతున్నాయి. వయసెంత, ఇంతకు ముందు లైంగిక నేరాలు ఎన్ని, బాధితులు బంధువులా బయటివాళ్ళా, బాధితుల్లో మగపిల్లలున్నారా, ఎవరితోనైనా కనీసం రెండేళ్ళు కలిసి కాపురం చేశాడా, ఇలాంటివి అడుగుతుంది. ఇదేమీ జాతకం కాదు. ఒక్క మనిషి గురించి ఖాయంగా చెప్పలేదు, ఒక గుంపులో ఎవరికి ఎక్కువ అవకాశం ఉందో మాత్రమే చెబుతుంది. పైగా మన దగ్గర వాడాలంటే మన ఖైదీల మీద పరీక్షించి సరిచూసుకోవాలి. పెళ్ళిళ్ళు పెద్దలు కుదిర్చే చోట రెండేళ్ళ కాపురం అన్న ప్రశ్నకు కెనడాలో ఉన్న అర్థం కర్నూలులో ఉండదు కదా.

ఈ పరిశోధనల్లో మన కోర్టులకు అన్నిటికంటే ఇబ్బంది కలిగించే సంగతి పశ్చాత్తాపం గురించినది. తప్పు ఒప్పుకున్నాడా, కన్నీళ్ళు పెట్టుకున్నాడా, బాధితురాలి మీద జాలి చూపించాడా అన్నవి మళ్ళీ నేరం చేస్తాడా లేదా అన్నదానితో పెద్దగా సంబంధం లేనివని తేలింది. సంబంధం ఉన్నవి వేరే. ఎప్పుడూ సెక్స్ ఆలోచనల్లోనే మునిగి ఉండడం, పిల్లల మీద కోరిక, కోపం వస్తే ఆపుకోలేకపోవడం, ఏ ఉద్యోగంలోనూ నిలవకపోవడం, చెడు సావాసం. జడ్జి ముందు చేతులు కట్టుకుని ఏడ్చినవాడికి దయ చూపించి, మొండిగా కాదన్నవాడిని కరుడుగట్టినవాడని అనుకోవడం మనకు సహజం. రెండూ తప్పు అంచనాలయ్యే వీలుంది.

చికిత్స పేరుతో చెడగొట్టిన సందర్భం

మనిషిని మార్చవచ్చని నమ్మేవాళ్ళు బ్రిటన్ అనుభవాన్ని దాటేసి వెళ్ళకూడదు. అక్కడ జైళ్ళలో 1990ల మొదట్లో లైంగిక నేరస్థుల కోసం ఒక పెద్ద చికిత్స కార్యక్రమం పెట్టారు. ఖైదీలను గుంపులుగా కూర్చోబెట్టి, చేసిన నేరం గురించి మాట్లాడించి, బాధితుల బాధ అర్థమయ్యేలా చేయడం దాని పద్ధతి. పాతికేళ్ళు గర్వంగా నడిపారు. 2017లో ప్రభుత్వం విడుదల చేసిన పరిశీలనలో, చికిత్స తీసుకున్నవాళ్ళలో మళ్ళీ లైంగిక నేరం చేసినవాళ్ళు 10 శాతం, తీసుకోనివాళ్ళలో 8 శాతం అని బయటపడింది. తేడా చిన్నదే గానీ ఉండాల్సిన దిక్కుకు ఎదురు దిక్కులో ఉంది. ఒకరి కథలు ఒకరు వినడం వల్ల నేరం మామూలు విషయంలా అనిపించి ఉండవచ్చన్నది చర్చకు వచ్చిన కారణాల్లో ఒకటి. ఆ కార్యక్రమాన్ని మూసేసి వేరే పద్ధతులు మొదలుపెట్టారు.

ఇక్కడ మెచ్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్ళు కొలిచారు, ఫలితం చేదుగా ఉన్నా బయటపెట్టారు. మన దగ్గర జైళ్ళలో యోగా, ధ్యానం, ప్రవచనాలు నడుస్తున్నాయి. వాటివల్ల మనసుకు ప్రశాంతత వస్తే మంచిదే. వాటితో లైంగిక నేరాలు తగ్గుతాయని అనుకోవడానికి ఆధారం లేదు.

చికిత్స పూర్తిగా వృథా అని కూడా అనలేం. 2009లో హాన్సన్ బృందమే 23 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు చికిత్స పొందినవాళ్ళలో మళ్ళీ లైంగిక నేరం 10.9 శాతం, పొందనివాళ్ళలో 19.2 శాతంగా ఉంది. బాగా పనిచేసిన కార్యక్రమాలకు ఒక పోలిక కనిపించింది. ఎక్కువ ప్రమాదం ఉన్నవాడికి ఎక్కువ శ్రద్ధ, తక్కువ ఉన్నవాడికి తక్కువ. నేరానికి నిజంగా కారణమైన అలవాట్ల మీదే పని, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో, పద్ధతిలో. తక్కువ ప్రమాదం ఉన్న కుర్రాణ్ణి కరుడుగట్టినవాళ్ళ గుంపులో కూర్చోబెట్టడం మేలు కంటే కీడే చేస్తుంది. పైన చెప్పిన పందొమ్మిదేళ్ళ ప్రేమికుడు రిమాండ్‌లో ఎవరి పక్కన పడుకుంటున్నాడో ఒకసారి ఆలోచించాలి.

మందులతో కోరికను అణిచే పద్ధతి గురించి ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు. కాలిఫోర్నియా 1996లో, దక్షిణ కొరియా 2011లో చట్టం ద్వారా దీన్ని తెచ్చాయి. హార్మోన్లను తగ్గించే ఇంజెక్షన్ ఇది. పిల్లల మీద తీవ్రమైన కోరికతో సతమతమయ్యేవాళ్ళలో కొందరికి, వాళ్ళే ఒప్పుకుని డాక్టరు పర్యవేక్షణలో వాడితే ఉపయోగం కనిపించింది. మందు ఆపేస్తే కోరిక తిరిగొస్తుంది, ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు బలహీనపడతాయి. ఆడదాని మీద అధికారం చూపించాలనో, కులం పొగరుతోనో, పగతోనో చేసిన నేరానికి హార్మోను మందేం చేస్తుంది? 2013 జనవరిలో నివేదిక ఇచ్చిన జస్టిస్ వర్మ కమిటీ ఈ పద్ధతినీ ఒప్పుకోలేదు, అత్యాచారానికి ఉరినీ ఒప్పుకోలేదు.

శాశ్వతంగా లోపల ఉంచితే

శాశ్వతంగా జైల్లో ఉంచడం అన్న వాదనలో న్యాయం ఉంది. కొందరి విషయంలో అదే సరైన మాట. వరసగా పిల్లల్ని ఎత్తుకెళ్ళి చంపినవాడిని మార్చి చూద్దాం అని పక్కింటి పిల్లల ప్రాణాలతో పందెం వేసే హక్కు ప్రభుత్వానికి లేదు. ఆ కొందరు ఎవరు, ఎప్పుడు తేల్చాలి అన్న దగ్గరే చిక్కంతా.

అమెరికాలో దాదాపు ఇరవై రాష్ట్రాలు శిక్ష పూర్తయ్యాక కూడా ప్రమాదకరం అనుకున్నవాళ్ళను చికిత్స కేంద్రం పేరుతో నిర్బంధిస్తున్నాయి. 1997లో అక్కడి సుప్రీంకోర్టు కేన్సస్ రాష్ట్రం కేసులో ఇది చెల్లుతుందని చెప్పింది. మిన్నెసోటా రాష్ట్రం 1990ల మధ్యలో మొదలుపెట్టిన కేంద్రంలో 700 మందికి పైగా పోగయ్యారు. తొలి ఇరవై ఏళ్ళలో అక్కడ చికిత్స పూర్తయి పూర్తిగా స్వేచ్ఛ పొందినవాడు లేడు. పేరు ఆసుపత్రి, పని జైలు. జర్మనీలో కూడా ఇలాంటి నిర్బంధం ఉంది గానీ, అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2011లో గట్టి షరతులు పెట్టింది. శిక్ష అనుభవించేసిన మనిషి కాబట్టి జైలు కంటే మెరుగైన చోట ఉంచాలి, నిజమైన చికిత్స ఇవ్వాలి, ఇంకా ఉంచడం అవసరమా అని కోర్టు తరచూ చూడాలి. ఆ షరతులు నెరవేర్చడానికి డబ్బూ, డాక్టర్లూ కావాలి.

మన చట్టం తేలిక దారి పట్టింది. ఎంతకాలం ఉంచాలన్నది తీర్పు రోజే తేల్చేస్తుంది. స్వామి శ్రద్ధానంద కేసు (2008), శ్రీహరన్ కేసు (2015) తర్వాత హైకోర్టులు, సుప్రీంకోర్టు ఉరికి బదులుగా 25 ఏళ్ళు, 30 ఏళ్ళు, లేదా చచ్చేదాకా రెమిషన్ లేకుండా అని శిక్ష వేయవచ్చు. 2019లో కోర్టు బోనులో నిలబడ్డ మనిషిని చూసి 2049లో అతనెలా ఉంటాడో ఊహించడం ఇది. ఏ జడ్జికైనా అది అసాధ్యమైన పనే. సుప్రీంకోర్టుకు ఈ సంగతి తెలియక కాదు. 1980లో బచన్ సింగ్ కేసులోనే, ఇతను మారే అవకాశం లేదని ప్రభుత్వం రుజువు చేయాలంది. 2018లో రాజేంద్ర వాస్నిక్ కేసులో, మూడేళ్ళ పాపను చంపిన నేరంలో కూడా ఆ ప్రశ్న అడగకుండా ఉరి వేయకూడదని తీర్పిచ్చింది. 2022లో మనోజ్ కేసులో జైలు ప్రవర్తన నివేదిక, మానసిక పరీక్ష నివేదిక తెప్పించుకోవాలని కింది కోర్టులకు చెప్పింది. ఆ నివేదికలు రాసేవాళ్ళెక్కడున్నారు? ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025 ప్రకారం దేశంలోని 5.7 లక్షల ఖైదీలకు జైళ్ళలో ఉన్న సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు కలిపి 25 మంది.

ముందే వదిలేయడంలోనూ ఇదే గుడ్డితనం. 2002 గుజరాత్ అల్లర్లలో సామూహిక అత్యాచారానికి గురైన బిల్కిస్ బానో కేసులో యావజ్జీవం పడిన 11 మందిని గుజరాత్ ప్రభుత్వం 2022 ఆగస్టు 15న రెమిషన్ మీద వదిలింది. ఆ అధికారం గుజరాత్‌కు లేదని 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి మళ్ళీ లోపలికి పంపింది. ఆ కేసు చర్చంతా ఏ రాష్ట్రానికి అధికారం ఉంది, ఏ పాలసీ వర్తిస్తుంది అన్న చుట్టూనే తిరిగింది. వాళ్ళు ప్రమాదకరమా అన్నది సత్ప్రవర్తన అన్న ఒక్క ముక్కతో ముగిసింది.

ఇక ఎన్‌కౌంటర్. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర ‘దిశ’ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. 2022లో సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పుల కథ నమ్మదగ్గది కాదని, పోలీసుల మీద హత్య కేసు నడపాలని చెప్పింది. ఆ పూలు చల్లిన కోపాన్ని తప్పుపట్టడం తేలికే. నమోదైన అత్యాచార కేసుల్లో విచారణ పూర్తయినవాటిలో శిక్ష పడేవి దేశమంతటా నూటికి ముప్పై లోపే ఉన్నప్పుడు, కోర్టు మీద నమ్మకం లేదన్న మాటకు కారణం కూడా ఉంది.

ఆ కాల్పులు జరిగిన వారానికే, 2019 డిసెంబర్ 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లును ఆమోదించింది. 21 పనిదినాల్లో తీర్పు, ఉరిశిక్ష, నేరస్థుల పేర్లు అందరికీ కనిపించే రిజిస్ట్రీ అందులో ఉన్నాయి. రాష్ట్రపతి ఆమోదం రాక అది చట్టం కాలేదు. రిజిస్ట్రీ మాత్రం కేంద్రం స్థాయిలో అప్పటికే ఉంది. 2018 సెప్టెంబర్‌లో దాదాపు 4.4 లక్షల పేర్లతో మొదలైన జాతీయ డేటాబేస్ పోలీసులకు మాత్రమే కనిపిస్తుంది. అది సరైన నిర్ణయమే. అమెరికాలో 2011లో ఇద్దరు ఆర్థికవేత్తలు చూపించినదాన్ని బట్టి, పోలీసుల దగ్గర నమోదు చేయడం వల్ల నేరాలు తగ్గాయి, పేరూ ఫొటో ఊరంతటికీ తెలిసేలా పెట్టడం వల్ల పాత నేరస్థుల్లో నేరాలు పెరిగే సూచనలు కనిపించాయి. పని దొరకక, ఇల్లు దొరకక, పోగొట్టుకోవడానికి ఏమీ మిగలనివాడు మరింత ప్రమాదకరం అవుతాడు. పైగా రాయలసీమ పల్లెలో పక్కా రిజిస్ట్రీ రచ్చబండే. అతను ఊరు వదిలి బెంగళూరులో మేస్త్రీ పనికో, లారీ మీద క్లీనర్‌గానో వెళ్ళినప్పుడే డేటాబేస్ అవసరం. పిల్లలతో పనిచేసే చోట సిబ్బందిని పోలీసు వెరిఫికేషన్ చేయాలని 2020 పోక్సో నిబంధనలు చెబుతున్నాయి. స్కూల్ బస్సు క్లీనర్‌ను, ప్రైవేటు హాస్టల్ వంటమనిషిని తీసుకునేటప్పుడు ఎంతమంది యజమానులు స్టేషన్‌కు వెళ్ళి అడుగుతున్నారు?

ఈ చర్చంతా బయటివాడి గురించి. జాతీయ నేర గణాంకాల ప్రకారం అత్యాచార కేసుల్లో నూటికి 96 దాకా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. ఇంట్లోవాళ్ళు, చుట్టాలు, ఇరుగుపొరుగు, ప్రేమిస్తున్నానని నమ్మించినవాళ్ళు. ఈ జిల్లాల్లో దీనికి తోడు వలస ఉంది. పంట కోతల కాలంలో కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్ళు గుంటూరు మిరప చేలకు కదులుతాయి. రాయచోటి, రాజంపేట వైపు తల్లులు కువైట్‌లో ఇంటి పనికి వెళ్తారు. పిల్ల అవ్వ దగ్గరో, చిన్నాన్న ఇంట్లోనో ఉంటుంది. నేరం జరిగితే అక్కడే జరుగుతుంది. చెప్పుకోవాల్సిన మనిషి దూరదేశంలో ఉంటుంది.

కుటుంబం లోపల నేరం చేసినవాళ్ళు బయటి పిల్లల మీద మళ్ళీ నేరం చేయడం తక్కువని విదేశీ అధ్యయనాలు చెబుతున్నాయి. సమాజానికి ఇది ఊరటే. ఆ ఇంటి పిల్లకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు, అతను తిరిగొచ్చేది ఆ ఇంటికే కాబట్టి. ఉరి దాకా వెళ్ళే కేసు అని తెలిస్తే సొంత తమ్ముడి మీద, మామ మీద స్టేషన్‌కు వెళ్ళే తల్లి ఇంకా వెనకాడుతుంది. వెళ్ళినా మధ్యలో సాక్ష్యం తిరగబడుతుంది. అతను బెయిల్ మీద ఇంటికొస్తే, పిల్లను బాలసదనానికో హాస్టల్‌కో పంపిస్తారు. తప్పు చేసినవాడు ఇంట్లో, పిల్ల బయట. కఠిన శిక్ష కోసం అడిగే గొంతుల్లో పదోవంతు అయినా ఈ ఏర్పాటు మీద పడి ఉంటే బాగుండేది.

నిందితులే మైనర్లయిన కేసులు ఇంకో సమస్య. 2012 ఢిల్లీ ఘటన తర్వాత 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 16 నుంచి 18 ఏళ్ళవాళ్ళను ఘోర నేరాల్లో పెద్దవాళ్ళలా విచారించే వీలు కల్పించింది. కానీ లైంగిక నేరం చేసిన పిల్లలు మళ్ళీ అదే నేరానికి పట్టుబడడం విదేశీ అధ్యయనాల్లో 5 శాతానికి అటూ ఇటూగానే తేలింది, పెద్దవాళ్ళ కంటే బాగా తక్కువ. మార్పు మీద డబ్బు ఖర్చు పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. అబ్జర్వేషన్ హోమ్‌లో ఒక మంచి కౌన్సెలర్ చేయగలిగింది, నలభై ఏళ్ళవాడి మీద పదిమంది కలిసినా చేయలేకపోవచ్చు.

కెనడాలోని హామిల్టన్‌లో 1994లో చర్చివాళ్ళు ఒక పని మొదలుపెట్టారు. ఎవరూ దగ్గరికి రానివ్వని, బాగా ప్రమాదకరం అనుకున్న నేరస్థుడు విడుదలైనప్పుడు, నలుగురైదుగురు మామూలు మనుషులు అతని చుట్టూ ఒక బృందంగా ఏర్పడ్డారు. వారం వారం కలిసేవాళ్ళు, పని వెతికి పెట్టేవాళ్ళు, మందు తాగుతున్నాడనో, స్కూలు దగ్గర తిరుగుతున్నాడనో తెలిస్తే నిలదీసేవాళ్ళు, అవసరమైతే పోలీసులకు చెప్పేవాళ్ళు. ఆ పద్ధతి తర్వాత బ్రిటన్‌కు, ఇతర దేశాలకు పాకింది. మన దగ్గర జిల్లా ప్రొబేషన్ అధికారి ఉన్నాడు, వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉంది, అంగన్‌వాడీ టీచర్ ఉంది. విడుదలైనవాడు ఎక్కడ ఉంటున్నాడు, ఎవరితో ఉంటున్నాడు, ఆ ఇంట్లో ఆడపిల్లలున్నారా అన్న మూడు ప్రశ్నలు నెలకోసారి అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు. పెరోల్ ఇచ్చేముందు ఊళ్ళో గొడవలొస్తాయా అని పోలీసుల నుంచి రిపోర్టు తెప్పించుకునే అలవాటు ఎలాగూ ఉంది. ఫ్యాక్షన్ రోజుల్లో బాగా పనికొచ్చిన ప్రశ్న అది. దానికి ఆ ఇంట్లో పిల్లల సంగతి జోడిస్తే సరిపోతుంది.

బాధితురాలికి కబురు అందుతుందా అన్నది ఇంకా తేలలేదు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టానికి 2015 సవరణతో చేరిన 15ఎ సెక్షన్ ప్రకారం, బెయిల్ దగ్గర్నుంచి విడుదల, పెరోల్ దాకా ప్రతి దశలోనూ బాధితుల మాట వినాలి, విచారణల సంగతి వాళ్ళకు ముందే తెలియజేయాలి. మిగతా బాధితులకు పెరోల్, విడుదల విషయంలో ఇంత స్పష్టమైన హక్కు చట్టంలో రాసి లేదు. పదేళ్ళప్పుడు నేరానికి గురైన పిల్లకు ఇరవై ఏళ్ళ తర్వాత ముప్పై ఏళ్ళుంటాయి. పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంటుంది, తనకూ పిల్లలుంటారు, అత్తవారింట్లో ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. ఆమెకు కబురు చెప్పాలంటే ఇంటికి కానిస్టేబుల్ వెళ్ళకూడదు, ఉత్తరం అత్త చేతిలో పడకూడదు. చెప్పకపోతే ఆమె అతన్ని పుట్టింటి ఊరి జాతరలో ఎదురుగా చూస్తుంది. ఎలా తెలియజేయాలో, తెలుసుకోవాలని ఉందో లేదో, శిక్ష పడిన రోజునే ఆమె తరఫువాళ్ళను అడిగి, ఆమెకు పద్దెనిమిది నిండాక ఆమెనే మళ్ళీ అడిగి రాసిపెట్టుకోవచ్చు. జైలు రికార్డులో ఖైదీ పుట్టుమచ్చలు రాసుకోవడానికి గడి ఉంది. ఈ సంగతి రాసుకోవడానికి లేదు.